హైదరాబాద్ వేడిలో వర్ట్‌ను చల్లార్చడానికి ఏ చిల్లర్ మేలు?

మరిగిన వర్ట్‌ను, అంటే బీరుకు మూలమైన తియ్యని బార్లీ ద్రవాన్ని, చల్లార్చడానికి చిల్లర్ అనే పరికరం కొనాలనుకునే వారు అంగడికి వెళ్లే ముందు ఇంటి కుళాయి విప్పి, పడుతున్న ధారలో థర్మామీటర్ పెట్టి చూడాలి. చిల్లర్ రాగిదైనా స్టీలుదైనా, పలకలదైనా గొట్టాలదైనా, తనలో పారే నీటి కంటే చల్లగా వర్ట్‌ను చేయలేదు. మే నెల మధ్యాహ్నం మా డాబా మీది ట్యాంకు నుంచి వచ్చే నీరు 40 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ నీటితో ఎంత ఖరీదైన పరికరం వాడినా వర్ట్ ఆ 40 డిగ్రీల దగ్గరే నిలిచిపోతుంది. చలిదేశాల వారు చెప్పే సలహాలు విని పరికరాలు తెప్పించుకునే మనవాళ్లు ఈ సంగతిని గమనించకపోవడం చాలాసార్లు చూశాను. అందుకే ఈ విషయమంతా ఒకచోట వివరంగా రాస్తున్నాను.

ఈ పని తెలియని వారి కోసం కొంచెం చెబుతాను. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని నలగ్గొట్టి, 65 నుంచి 68 డిగ్రీల వేడినీటిలో గంటసేపు నానబెట్టి వడకడితే వచ్చే తియ్యని ద్రవమే వర్ట్. దానిని గంటకు పైగా మరిగించి, చేదు, సువాసన ఇచ్చే హాప్ పూలు వేసి, చల్లార్చి, ఈస్ట్ కలిపితే కొన్నాళ్లకు బీరవుతుంది. అమెరికాలో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవారున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల వరకు సొంత వాడకానికి పన్ను కట్టకుండా బీరు కాచుకోవచ్చు. మిన్నెసోటాలో ఉద్యోగం చేసిన రోజుల్లో నేను ఈ విద్యను అక్కడి స్నేహితుల దగ్గర నేర్చుకున్నాను. తెలంగాణలో ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారు చేయకూడదు. కాబట్టి హైదరాబాద్‌కు తిరిగి వచ్చాక నేను ఈస్ట్ వేసే దశకు వెళ్లడం లేదు. వర్ట్‌ను మరిగించి, చల్లార్చి, ఫ్రిజ్‌లో ఉంచి, శొంఠి, నిమ్మరసం, సోడా కలిపి పానీయంగా వడ్డిస్తాను. కరీబియన్ దీవుల్లోనూ లాటిన్ అమెరికా దేశాల్లోనూ మాల్టా అనే పేరుతో తాగే పానీయం ఇంచుమించు ఇలాంటిదే. మా పెదనాన్నగారి అబ్బాయి మాత్రం డాలస్‌లో ఉంటూ చట్టం అనుమతించిన మేరకు ఇంట్లో బీరు కాచుకుంటాడు. ఈ మధ్య వాడు ఫోన్ చేసి, "అన్నా, పాత చిల్లర్ పాడైపోయింది, ఈసారి ఏది కొనమంటావు?" అని అడిగాడు. నేను వాడికి చెప్పిన సమాధానం, ఇక్కడ నా వంటింట్లో నేను పాటించే పద్ధతి ఒకటి కావు. ఆ తేడా ఎక్కడ ఉందో చెబితే ఈ విషయమంతా చెప్పినట్టే.

వర్ట్‌ను త్వరగా చల్లార్చడానికి గట్టి కారణాలే ఉన్నాయి. బార్లీ మొలకలో ఎస్-మిథైల్ మెథియొనిన్ అనే పదార్థం ఉంటుంది. వేడికి అది విరిగి డైమిథైల్ సల్ఫైడ్‌గా మారుతుంది. ఉడికించిన క్యాబేజీ వాసన దీనివల్లే వస్తుంది. గిన్నె తెరిచి ఉంచి మరిగిస్తున్నంత సేపు అది ఆవిరితో పాటు బయటికి పోతుంది. మంట ఆపి వేడిగా వదిలేస్తే తయారవడం ఆగదు, పోవడం మాత్రం ఆగిపోతుంది. హాప్ పూలు వేసిన వారికి మరొక చిక్కు ఉంది, 80 డిగ్రీల పైన ఉన్నంత కాలం వాటి చేదు పెరుగుతూనే ఉంటుంది, సువాసన తగ్గుతూ ఉంటుంది. త్వరగా చల్లారితే మాంసకృత్తులు విరిగి అడుగున పేరుకుని, పైన తేట మిగులుతుంది. వీటన్నిటి కంటే ముఖ్యమైనది సూక్ష్మజీవుల సంగతి. 60 డిగ్రీల కిందికి దిగిన క్షణం నుంచి ఆ తియ్యని ద్రవం గాలిలోని ప్రతి సూక్ష్మజీవికీ విందు భోజనమే. బీరు కాచే వారికి ఈస్ట్ తోడుంటుంది. అది చక్కెరను తినేసి, ఆల్కహాలును, ఆమ్లాన్ని పెంచి, మిగతా వాటిని ఎదగనీయదు. ఈస్ట్ వేయని నా వర్ట్‌కు ఆ రక్షణ లేదు. కనుక బీరు కాచే వారి కంటే నాకే చల్లార్చడంలో ఎక్కువ తొందర ఉండాలి.

ఆస్ట్రేలియాలో చాలామంది చిల్లర్ లేకుండానే పని కానిస్తారు. మరిగే వర్ట్‌ను మందపాటి హెచ్‌డీపీఈ (వేడిని తట్టుకునే గట్టి ప్లాస్టిక్) డబ్బాలో అంచు వరకు నింపి, మూత బిగించి, మరునాటి వరకు దానంతటదే చల్లారనిచ్చి ఈస్ట్ వేస్తారు. నీటికి కరవైన దేశంలో పుట్టిన తెలివైన పద్ధతి ఇది. హైదరాబాద్‌లోనూ నీటికి కరవే కదా అని నా మిత్రులు కొందరు దీన్నే సూచించారు. నేను ఒప్పుకోలేదు. వర్ట్ పీహెచ్ (ఆమ్ల గుణాన్ని చూపే అంకె, అది తగ్గే కొద్దీ పులుపు ఎక్కువ) 5.2, 5.4 ప్రాంతంలో ఉంటుంది. పీహెచ్ 4.6 కంటే ఎక్కువగా ఉన్న పదార్థాన్ని గాలి చొరకుండా మూసి, గది వేడిలో ఉంచితే బొట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషజబ్బు కలిగించే సూక్ష్మజీవి అందులో పెరిగి విషాన్ని తయారు చేయగలదు. దాని బీజాలు మామూలు మరుగుకు చావవు. ఈస్ట్ వేయకుండా, తాగే పానీయంగా వాడదలచిన వర్ట్‌ను డబ్బాలో మూసి అటక మీద పెట్టడం ప్రాణాలతో చెలగాటం. గంటలోపు చల్లార్చి, 4 డిగ్రీల కింద ఉంచి, మూడు నాలుగు రోజుల్లో తాగేయాలి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇక లెక్కకు వద్దాం. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ చల్లబరచాలంటే దాని నుంచి 4.18 కిలోజౌళ్ల వేడిని తీయాలి. వర్ట్‌కు కూడా ఇంచుమించు ఇదే అంకె సరిపోతుంది. 20 లీటర్లను 100 డిగ్రీల నుంచి 20 డిగ్రీలకు దించాలంటే దాదాపు 6,700 కిలోజౌళ్లు బయటికి పోవాలి. ఒక కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్లు తీసుకుంటుంది, కరిగిన నీరు 20 డిగ్రీలకు చేరేలోపు మరో 84 తీసుకుంటుంది. అంటే మొత్తం పని ఐసుతోనే చేయాలంటే 16 కిలోలు కావాలి, అది కూడా చుట్టుపక్కల గాలికి ఒక్క చుక్క వృథా కాదని అనుకుంటేనే. అదే వర్ట్‌ను ముందు మామూలు నీటితో 35 డిగ్రీలకు తెచ్చి, అక్కడి నుంచి 20కి దించడానికి మాత్రమే ఐసు వాడితే లెక్క ప్రకారం 3 కిలోలు చాలు, వృథాను కలుపుకున్నా 5, 6 కిలోలతో పని పూర్తవుతుంది. పై 65 డిగ్రీల వేడిని నీరు మోయాలి, చివరి 15 డిగ్రీల కోసమే ఐసును దాచుకోవాలి. వేడి నగరాల్లో చిల్లర్ వాడకం మొత్తం ఈ విభజన మీదే నిలబడి ఉంది. వేడి ప్రాంతాల్లోని బ్రూవరీలు (బీరు కర్మాగారాలు) కూడా ఇదే పని పెద్ద ఎత్తున చేస్తాయి, ఒక దశలో మామూలు నీటితోనూ, రెండో దశలో శీతలీకరించిన నీటితోనో, సున్నా డిగ్రీల కింద కూడా గడ్డకట్టని గ్లైకాల్ ద్రవంతోనో. యంత్రాలు లేని కాలంలో చలి ఉన్న చోటుకే మనిషి వెళ్లాడు. 19వ శతాబ్దిలో ఎడ్వర్డ్ డయ్యర్ బ్రూవరీ పెట్టడానికి హిమాలయాల దిగువ కొండల్లో ఉన్న కసౌలీని ఎంచుకున్నది అక్కడి చల్లని వాతావరణం కోసం, ఊట నీటి కోసం. 1870ల్లో కార్ల్ ఫాన్ లిండే తన శీతలీకరణ యంత్రాన్ని తయారు చేసినప్పుడు మ్యూనిక్‌లోని స్పాటెన్ బ్రూవరీ ఆయనకు అండగా నిలవడానికి కూడా చలి కోసం పడిన ఆరాటమే కారణం.

హైదరాబాద్ ఇళ్లలో మనకు ఒక అవకాశం ఉంది, దానిని ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోరు. అదే సంపు. డాబా మీది ప్లాస్టిక్ ట్యాంకులో నీరు ఎండకు కాగుతుంది గానీ, నేల కింది సంపులో నీరు మే నెలలో సైతం 28, 29 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఎందుకంటే కొన్ని అడుగుల లోతున నేల ఉష్ణోగ్రత ఏడాది మొత్తం సగటుకు దగ్గరగా నిలిచి ఉంటుంది. కనుక చిల్లర్‌కు నీటిని ట్యాంకు నుంచి కాక, సంపులో దింపిన చిన్న పంపుతో నేరుగా తీసుకుంటే ఆ చిన్న పంపు తప్ప మరో పరికరం లేకుండానే పది డిగ్రీల లాభం దక్కుతుంది. నీరు వృథా కాకుండా చిల్లర్ నుంచి బయటికి వచ్చే దానిని బిందెల్లో పట్టుకోవాలి. మునుగు చుట్టతో, అంటే వర్ట్‌లో ముంచి లోపల నీరు పారించే గొట్టపు చుట్ట రకం చిల్లర్‌తో, 20 లీటర్లను చల్లార్చడానికి 60 నుంచి 100 లీటర్ల వరకు నీరు పడుతుంది. రోజు విడిచి రోజు నల్లా వచ్చే కాలనీల్లో, వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే వీధుల్లో అంత నీటిని మోరీలోకి వదలడం తప్పు. మొదట వచ్చే బిందెడు నీరు బాగా వేడిగా ఉంటుంది, గిన్నెలు, వడపోత గుడ్డలు కడగడానికి అది పనికొస్తుంది. తర్వాతి నీరు బట్టలకు, మొక్కలకు సరిపోతుంది.

చిల్లర్ల రకాల్లోకి వెళ్లే ముందు పరికరాల వల్ల జరిగే ప్రమాదాల గురించి చెప్పాలి. ఎందుకంటే నేను చిల్లర్‌ను ఎంచుకున్న తీరు వాటి నుంచే వచ్చింది. మిన్నెసోటాలో ఒక మిత్రుడు పులియబెట్టడానికి కార్బాయ్ అనే సన్నని మూతి ఉన్న పెద్ద గాజు సీసా వాడేవాడు. తడి చేతులతో పట్టుకుని నేల మీద పెడుతుండగా అది జారి అడుగు పగిలి, పెంకు అరచేతిలోకి దిగింది. కుట్లు పడ్డాయి, ఒక వేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. గాజు బరువును, నునుపును తడి చేయి పట్టి ఉంచలేదు. సరిగా చల్లారని వర్ట్‌ను గాజులో పోస్తే పగలడానికి జారడం కూడా అక్కరలేదు. నాకు తెలిసిన వారిలో చాలామంది ఆ తర్వాత స్టీలుకో, ఆహారానికి పనికొచ్చే ప్లాస్టిక్‌కో మారిపోయారు. మరొక ఇంట్లో గాజు థర్మామీటర్ గరిటెకు తగిలి వర్ట్‌లోనే విరిగింది. లోపలిది పాదరసమా, రంగు వేసిన స్పిరిటా అని చూడకుండా, గాజు ముక్క ఉందన్న ఒక్క కారణంతో గిన్నెడు వర్ట్‌నూ పారబోశారు, అది సరైన పనే. మూడు నాలుగు వందల రూపాయలకు స్టీలు కాడ ఉన్న డిజిటల్ థర్మామీటర్ దొరుకుతున్నప్పుడు గాజు వాడవలసిన అవసరం లేదు.

మరుగు మొదలయ్యే నిమిషాలు కూడా ప్రమాదకరమైనవే. మాంసకృత్తులు నురుగుగా పైకి లేచి, పాలు పొంగినట్టు ఒక్కసారిగా గిన్నె దాటుతాయి. మన వంటింటి గ్యాసు పొయ్యి మీద ఇలా పొంగితే మంట ఆరిపోయి, గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది. జిగురు ద్రవం బర్నర్ రంధ్రాలను పూడ్చేస్తుంది. గిన్నె పరిమాణం వర్ట్‌కు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలని, నురుగు కూలే వరకు పొయ్యి దగ్గరే నిలబడాలని నేను అందరికీ చెబుతాను.

కానీ నేను చూసిన వాటిలో ఎక్కువ గాయాలు చల్లార్చే సమయంలోనే జరిగాయి, దానికి కారణం తేలికగానే కనబడుతుంది. మరుగుతున్న 20 లీటర్ల వర్ట్, గిన్నెతో కలిపితే పాతిక కిలోలు దాటుతుంది. దానిని పొయ్యి మీది నుంచి దించి, ఐసు నీళ్ల తొట్టిలో పెట్టాలని ఇద్దరు మనుషులు చెరో చెవి పట్టుకుని ఎత్తుతారు. ఒకరి అడుగు జారితే చాలు. మా తమ్ముడి ఇంట్లో జరిగింది మరోలా ఉంది. చిల్లర్‌కు నీటిని తెచ్చే గొట్టం, తీసుకుపోయే గొట్టం రెండూ పారదర్శకమైన మామూలు ప్లాస్టిక్‌వి, మన మేస్త్రీలు గోడ మట్టం చూడటానికి వాడే లెవెల్ పైపు లాంటివి. నీరు వదలగానే చుట్టలో అప్పటికే నిలిచి ఉన్న నీరు ఆవిరితో కలిసి మరుగు వేడితో బయటికి దూసుకొచ్చింది. ఆ వేడికి ప్లాస్టిక్ మెత్తబడి, గొట్టం చుట్ట మూతి నుంచి ఊడి, వాడి పాదం మీద నీరు పోసింది. పరికరంతో పాటు అమ్మిన గొట్టమే ఆ వేడిని తట్టుకోలేకపోయింది. బయటికి వెళ్లే వైపు సిలికోన్ గొట్టమే వాడాలి, దాని మీద స్టీలు క్లిప్ బిగించాలి, నీటిని మొదటి నిమిషంలో సన్నగా వదిలి, ఆ తర్వాత పెంచాలి. చెప్పులు లేకుండా ఈ పని దగ్గరకు ఎవరినీ రానివ్వకూడదు.

మరొక లోపం గాయం చేయదు గానీ మొత్తం శ్రమను పాడు చేస్తుంది. హైదరాబాద్‌లో ఒక మిత్రుడు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న చుట్టలో రెండు గొట్టాలను కలిపే బిగింపు సరిగ్గా గిన్నె అంచుకు లోపల, వర్ట్‌కు పైన వచ్చేలా తయారు చేశారు. నీటి ఒత్తిడి పెరిగేసరికి ఆ బిగింపు నుంచి పచ్చి నీరు చుక్కలు చుక్కలుగా చల్లారుతున్న వర్ట్‌లో పడింది. గంటసేపు మరిగించి సూక్ష్మజీవులను చంపిన ద్రవంలోకి సంపు నీరు చేరితే మళ్లీ మొదటికొచ్చినట్టే. అప్పటి నుంచి ఏ చిల్లర్ చూసినా నేను మొదట వెతికేది అతుకులే. గిన్నె పైన గానీ, లోపల గానీ ఒక్క అతుకు కూడా ఉండకూడదు, గొట్టం ఒకే ముక్కగా చుట్టి, రెండు మూతులూ గిన్నె అంచు దాటి బయటికి వంగి కిందికి చూస్తూ ఉండాలి. ఊడినా, కారినా నేల తడవాలి తప్ప వర్ట్ తడవకూడదు.

ఈ ప్రమాదాలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలావరకు ఒకే మూలం నుంచి వస్తున్నాయి. మరిగే ద్రవాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి కదిలించినప్పుడల్లా ప్రమాదం పెరుగుతుంది. అందువల్ల వేడి వర్ట్‌ను ఉన్న చోటనే ఉంచి చల్లార్చే పరికరమే నాకు సమ్మతం. ఈ కొలతతో చూస్తే మూడు ప్రధాన రకాల్లో రెండు వెనకబడతాయి.

మొదటిది పలకల చిల్లర్. పలచని స్టీలు పలకలను పేర్చి అతికించి, ఒక సందులో వర్ట్, పక్క సందులో నీరు ఎదురెదురుగా పారేలా చేస్తారు. రిచర్డ్ సెలిగ్‌మన్ 1923లో పాలను పాశ్చరైజ్ చేయడం కోసం ఇలాంటి యంత్రాన్ని రూపొందించాడు, ఈనాటికీ డెయిరీల్లో అదే సూత్రం నడుస్తోంది. అరచేతి అంత పరికరం కొన్ని నిమిషాల్లో వర్ట్‌ను నీటి ఉష్ణోగ్రతకు రెండు మూడు డిగ్రీల దగ్గరకు తేగలదు, నీరు కూడా తక్కువ పడుతుంది. దీని సామర్థ్యం మీద నాకు గౌరవం ఉంది. అయితే డెయిరీ వారి యంత్రాన్ని బోల్టులు విప్పి పలకలు విడదీసి కడగవచ్చు. ఇంటి వాడకానికి అమ్మేది అతికించినది, విప్పలేము. పనికిరాకుండా పోయిన ఒక దానిని బాలానగర్‌లోని ఒక వర్క్‌షాప్‌లో అడ్డంగా కోయించి చూశాను. వర్ట్ పారే సందుల్లో హాప్ పూల పొడి, గోధుమ రంగు జిగురు గడ్డకట్టి ఉన్నాయి. నీరు పారే సందుల్లో బోరు నీటి సున్నం తెల్లగా పేరుకుంది. దాని యజమాని ప్రతిసారీ వేడినీటితో ఎదురు దిశలో కడిగేవాడు, అయినా ఆ స్థితి. మన బోరు నీటిలో కఠినత్వం ఎక్కువ, వేడి తగిలిన చోట సున్నం పేరుకోక మానదు. పైగా మరిగే వర్ట్‌ను దీనిలోకి పంపడానికి వేడి తట్టుకునే పంపు, గొట్టాలు, బిగింపులు కావాలి. పైన చెప్పిన ప్రమాదాలన్నీ మళ్లీ వెంట వస్తాయి.

రెండోది గొట్టంలో గొట్టం. లోపలి రాగి గొట్టంలో వర్ట్, దాని చుట్టూ ఉన్న గొట్టంలో నీరు ఎదురుగా పారుతాయి. పలకల దాని కంటే ఇది తక్కువగా పూడుతుంది. కానీ లోపల ఏముందో కంటికి కనబడదు, వర్ట్‌ను కదిలించక తప్పదు. కంటికి కనబడని చోట శుభ్రంగా ఉందని నమ్మడం నా వల్ల కాదు. ఈస్ట్ అండ లేని ద్రవాన్ని పిల్లలతో సహా ఇంటిల్లిపాదీ తాగుతున్నప్పుడు అసలే కాదు.

మిగిలింది మునుగు చుట్ట. గొట్టాన్ని స్ప్రింగులా చుట్టి, వర్ట్‌లో ముంచి, లోపల నీరు పారిస్తే చాలు. వర్ట్ ఎక్కడికీ కదలదు. వర్ట్‌కు తగిలేది చుట్ట బయటి వైపే కాబట్టి మురికి ఉంటే కంటికి కనబడుతుంది, పీచుతో తోమితే పోతుంది. మరుగు ఆపడానికి పావుగంట ముందు దానిని గిన్నెలో దింపితే మరుగే దానిని శుద్ధి చేస్తుంది. దీనిలో ఉన్న లోటు వేగం. మొదటి 60 డిగ్రీలు కొద్ది నిమిషాల్లో పడిపోతాయి, నీటికీ వర్ట్‌కూ మధ్య తేడా తగ్గే కొద్దీ చివరి పది డిగ్రీలు బాగా సాగదీస్తాయి. అయితే దీనికి మందు మన చేతిలోనే ఉంది. చుట్టను పట్టుకుని మెల్లగా కదపడమో, శుభ్రమైన గరిటెతో వర్ట్‌ను తిప్పుతూ ఉండటమో చేస్తే సమయం సగానికి తగ్గుతుంది. కదలని వర్ట్‌లో చుట్టకు ఆనుకుని ఉన్న పలచని పొర మాత్రమే చల్లబడి, మిగతా వేడికి అదే అడ్డుగోడవుతుంది.

ఆ పొర సంగతి తెలిస్తే ఏ లోహమన్న ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది. రాగి వేడిని మోసే శక్తి మీటరుకు డిగ్రీకి 400 వాట్లు, స్టెయిన్‌లెస్ స్టీలుది 16 మాత్రమే. ఈ అంకెలు చూసి స్టీలు చుట్ట పాతిక రెట్లు నెమ్మదిగా పని చేస్తుందని భయపడతారు. గొట్టం గోడ ఒక మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి అసలు అడ్డంకి లోహం కాదు, దానికి రెండు వైపులా అంటిపెట్టుకున్న ద్రవపు పొరలు. బాగా కలుపుతూ ఉంటే రాగికీ స్టీలుకూ మధ్య తేడా కొన్ని నిమిషాలకు మించదు, గొట్టం కాస్త పొడవు పెంచితే అది కూడా పోతుంది.

అందుకే నేను స్టీలును ఎంచుకున్నాను, దీనికి కారణం మన అమ్మమ్మల వంటింట్లోనే ఉంది. రాగి, ఇత్తడి గిన్నెల్లో పులుసు కాచాలంటే లోపల కళాయి పూయించేవారు, ఎందుకంటే పులుపుకు రాగి కరిగి వంటలో కలుస్తుంది. వర్ట్ కూడా కొద్దిగా ఆమ్ల గుణం గలదే. అమెరికా ఆహార నియమావళి పీహెచ్ 6 కంటే తక్కువ ఉన్న ఆహారానికి రాగి తగలకూడదని చెబుతూ, బీరు తయారీలో పులియబెట్టడానికి ముందు దశకూ పులియబెట్టే దశకూ మినహాయింపు ఇచ్చింది. పులిసేటప్పుడు కరిగిన రాగిని ఈస్ట్ చాలావరకు తనలోకి తీసుకుని అడుగుకు దిగిపోతుంది. నా పానీయంలో ఈస్ట్ లేదు, అడుగుకు దిగేదీ లేదు. కనుక ఈ మినహాయింపు నాకు వర్తించదని నా అభిప్రాయం. 304 రకం స్టీలు చుట్టను వాడుతున్నాను, నిమ్మరసాన్ని ఎప్పుడూ చుట్ట తీసేశాకే కలుపుతాను.

డాలస్‌లోని తమ్ముడికి మాత్రం రాగి చుట్టనే చెప్పాను. వాడు కాచేది బీరు, ఈస్ట్ ఉంది. పైగా రాగిని ఇంట్లోనే చుట్టుకోవచ్చు. ఏసీలకు వాడే 3/8 అంగుళం మెత్తని రాగి పైపు 15 మీటర్ల చుట్టగా దొరుకుతుంది, దానిని గుండ్రని గిన్నె చుట్టూ నెమ్మదిగా తిప్పితే సరిపోతుంది. మూతుల దగ్గర పదునుగా వంచేటప్పుడు నొక్కుకుపోకుండా లోపల సన్నని ఇసుక గట్టిగా నింపాలని రాణిగంజ్‌లో ఒక ఏసీ మెకానిక్ నాకు చూపించాడు. "సార్, తొందరపడితే పైపు మడత పడుతుంది, ఒకసారి మడత పడితే మళ్లీ గుండ్రంగా కాదు" అని అతను చెప్పిన మాట అక్షరాలా నిజం. తప్పనిసరై అతుకు పెట్టవలసి వస్తే సీసం ఉండే టంకం వాడకూడదు, ఏసీ వారు వాడే రాగి-భాస్వరపు కడ్డీని కరిగించి అతికించే బ్రేజింగ్ చేయించుకోవాలి. కొత్త పైపుకు తయారీ నూనె అంటి ఉంటుంది, వేడినీటిలో వాషింగ్ సోడా కలిపి కడిగి, ఆ తర్వాత వినెగర్ కలిపిన నీటిలో మరిగించి వాడాలి. చిలుము పట్టినప్పుడు చింతపండుతోనో నిమ్మ ఉప్పుతోనో తోమాలి, వాడే ముందు ఎర్రగా మెరవాలి. స్టీలు గొట్టాన్ని ఇంట్లో వంచలేము. బాలానగర్‌లో రోలర్ ఉన్న వర్క్‌షాప్‌కు గిన్నె తీసుకెళ్లి, దాని లోపలి వ్యాసానికి మూడు వేళ్ల వెలితి ఉండేలా చుట్టించుకున్నాను. కలపడానికి గరిటె తిరగాలంటే ఆ వెలితి ఉండాలి.

డాలస్‌లోనూ వేసవిలో కుళాయి నీరు 30 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, కాబట్టి రెండు దశల పద్ధతి ఇద్దరికీ ఒకటే. మొదటి దశలో సంపు నీటిని పారించి వర్ట్‌ను 35 డిగ్రీలకు తెస్తాను. అప్పుడు నీటిని ఆపి, గొట్టాలను ఒక బకెట్టులోకి మారుస్తాను. ఆ బకెట్టులో ఐసు, దానిని ముంచేంత నీరు, ఒక కూలర్ పంపు ఉంటాయి. ఎడారి కూలర్లలో గడ్డి మీదికి నీరు ఎత్తే ఆ చిన్న పంపు ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా తక్కువ ధరకు దొరుకుతుంది, మునుగు చుట్టకు కావలసినంత ధారను ఇస్తుంది. ఐసు నీరు చుట్టలో తిరిగి మళ్లీ బకెట్టులోకే వస్తుంది కాబట్టి ఈ దశలో నీరు ఖర్చు కాదు. ఐసు వర్ట్‌కు ఎక్కడా తగలదు కనుక తినే రకమే ఉండాలన్న నియమం లేదు. స్టీలు డబ్బాల్లో నీరు పోసి రెండు రోజుల ముందు నుంచి ఫ్రీజర్‌లో గడ్డ కట్టించినా సరిపోతుంది. నీటిలో మునిగిన విద్యుత్ పరికరం కాబట్టి ప్లగ్గుకు ఎర్తింగ్ ఉండాలి, ఆ లైను మీద ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండాలి. పంపు నడుస్తుండగా బకెట్టులో చేయి పెట్టకూడదు. ఈ చివరి జాగ్రత్తను తమ్ముడికి రెండుసార్లు చెప్పాను.

20 డిగ్రీలకు చేరాక చుట్టను తీసి, గిన్నెకు మూత పెట్టి, అరగంట కదపకుండా ఉంచితే విరిగిన మాంసకృత్తులు అడుగుకు దిగుతాయి. పైతేటను మరిగే నీటితో శుద్ధి చేసిన స్టీలు క్యాన్లలోకి వంచి ఫ్రిజ్‌లో పెట్టాలి. చుట్టను వెంటనే వేడినీటితో కడిగి, లోపల నిలిచిన నీటిని ఊది బయటికి పంపి, మూతులు కిందికి ఉండేలా వేలాడదీయాలి. బోరు నీరు వాడే వారు కొన్నాళ్లకు ఒకసారి నిమ్మ ఉప్పు కరిగించిన వేడినీటిని అదే కూలర్ పంపుతో చుట్ట లోపల తిప్పితే సున్నం కరిగిపోతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున మొదలుపెట్టే వారికి ఐసు భారం బాగా తగ్గుతుంది, రాత్రి చలికి డాబా మీది ట్యాంకు నీరు సంపు నీటి కంటే చల్లబడి ఉంటుంది. ఆ రెండు నెలలు మాత్రం పంపును ట్యాంకు వైపు మార్చుకుంటాను.